మంచి కాలు చేసిన పాపం

పోయినవారం ఆమెను మనం నేలమీద, మరిది కాళ్ల దగ్గర, కొలత టేపు చేతిలో పట్టుకుని కూర్చుని ఉండగా వదిలేశాం. ఆపరేషనైన కుడికాలి తొడ సన్నబడింది. అది ఎవరైనా ఊహించేదే. టేపు ఎడమ తొడకు చుట్టి, అంకె చూసి, నమ్మలేక మళ్లీ చుట్టింది. దెబ్బ తగలని కాలు, కత్తి పడని కాలు, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని కాలు, అది కూడా సన్నబడింది.

"ఏంటి వదినా, ప్యాంటు కుట్టిస్తావా?" అని మరిది నవ్వాడు.

ఆమె నవ్వలేదు. అప్పటినుంచి ఆమెకు తిండి సహించడం లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆమె ఫిజియోథెరపిస్టు. బావగారి మోకాళ్ల ఆసుపత్రిలో కింది అంతస్తు హాలంతా ఆమెది. కుట్లు విప్పిన మోకాలిని వంచేది ఆమే, వంచేటప్పుడు తిట్లు తినేదీ ఆమే. పేషెంట్లు ఆమెకు 'నొప్పులమ్మ' అని పేరు పెట్టుకున్నారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, ఇప్పుడు మొహంమీదే అంటున్నారు. భర్తకు ఓడమీద ఉద్యోగం. ఇంట్లో కన్నా నీళ్లమీదే ఎక్కువ ఉంటాడు. భర్తకు అన్నగారు ఊరందరికీ 'మోకాళ్ల డాక్టరు'. తల్లీతండ్రీ పోయాక తమ్ముళ్లిద్దర్నీ పెంచి పెద్దచేసినవాడు. ఆఖరివాడు ఈ మరిది. ఫుట్‌బాల్ గోల్‌కీపరు. జట్టువాళ్లకు వాడు 'గోడ'.

ఆ గోడ కుడి మోకాల్లో లిగమెంటు తెగింది. అన్నగారే ఆపరేషను చేశాడు. అన్నగారే తను కనిపెట్టిన 'త్వరగా మాన్పే ఇంజెక్షను' ఇచ్చాడు. ఈ ఆదివారం ఫైనల్స్. పెద్ద క్లబ్బులవాళ్లు ఆటగాళ్లను ఏరుకోవడానికి వస్తున్నారు. వాళ్ల వెనకే కెమెరాలు వస్తున్నాయి. గోడ గోలు ముందు నిలబడితే, అందరికీ పట్టే కాలంలో సగానికే మోకాలు మానిందని లోకం నమ్ముతుంది. ఇంజెక్షను అంగట్లోకి వెళుతుంది.

నిలబడ్డాక మోకాలు మళ్లీ తెగితే? ఆ ప్రశ్న అడగడానికే ఆమె మధ్యాహ్నం హాలుకు తాళం వేసి, చేతులు కడుక్కుని, మెట్లెక్కింది.

*

గది తలుపు తెరవగానే ఉడికిన గుడ్ల వాసన గుప్పుమంది.

బావగారు భోజనం చేస్తున్నాడు. ఆయన భోజనమంటే గుడ్లు. కాగితాల మధ్యే పళ్లెం, పళ్లెం పక్కనే ప్లాస్టిక్ మోకాలి నమూనా. గుడ్డు పెంకు పగలగొట్టడానికి ఆయన ఆ నమూనా అంచునే వాడతాడు. మోకాలి చిప్ప మీద తెల్లటి పెంకు ముక్కలు అతుక్కుని ఉన్నాయి. ఇన్నాళ్లూ చూస్తున్నదే. ఇవాళే ఎందుకో ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రా అమ్మా, కూర్చో. తిన్నావా?"

"తినలేదు బావగారూ. తినలేను."

"అదేం మాట? పైన మీ అక్క వండింది చాలా ఉంది." అక్క అంటే ఆయన భార్య, ఈమె తోడికోడలు. పైఅంతస్తులోనే కాపురాలు.

"మరిదిగారి కాళ్లు కొలిచాను."

పెంకు ఒలుస్తున్న వేళ్లు ఆగలేదు. "ఇంటివాళ్లకు ఇంటివాళ్లు వైద్యం చేయకూడదని ఒక పద్ధతి పెట్టుకున్నాం. వాణ్ణి చూసుకోవడానికి వేరే మనిషిని పెట్టాను కదా."

"ఆపరేషను మీరే చేశారు."

"నేను చేయకపోతే ఇంకెవడు చేస్తాడమ్మా?" గుడ్డు రెండుగా విరిచాడు. లోపలి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత. ఎక్కువ సేపు ఉడికిన గుడ్డు.

ఇక్కడ మోకాలి సంగతి కొంచెం చెప్పుకోవాలి. తెగిన లిగమెంటును కుట్టి అతికించలేరు. దాని స్థానంలో కొత్త తాడు వేయాలి. తొడ వెనక కండను కింది ఎముకకు కట్టేసే సన్నటి తాళ్లు కొన్ని ఉంటాయి. పేషెంటు కాల్లోంచే వాటిని తీసి, మడిచి, పేని, ఎముకలో సొరంగం తొలిచి బిగిస్తారు. బిగించడం సగం పనే. రక్తం అందని ఆ తాడు ముందు మెత్తబడిపోతుంది. తర్వాతే అందులోకి రక్తనాళాలు పాకి, కొత్త పోగులు పుట్టి, మెల్లగా లిగమెంటుగా మారుతుంది. బయట మచ్చ ఎప్పుడో మానిపోతుంది. లోపల మాత్రం పచ్చిగోడ. నొప్పి లేదు కదా అని ఆనుకుంటే కూలుతుంది.

మరి గోడ ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? కుర్చీ యంత్రంలో కూర్చోబెట్టి, రెండు కాళ్లతో తన్నమంటారు. మంచి కాలి బలంలో నూటికి తొంభై వంతులు దెబ్బతిన్న కాలికి వస్తే పాసు. పాసైనవాడు ఆసుపత్రి గుమ్మంలో వేలాడే ఇత్తడి గంట కొడతాడు. అందరూ ఎక్కడి పని అక్కడ ఆపి చప్పట్లు కొట్టాలి. బావగారు పెట్టిన ఆచారం. నర్సులు సూది గుచ్చబోతూ ఆగి కూడా కొడతారు.

"మరిదిగారికి తొంభై అయిదు వచ్చిందన్నారు," అంది ఆమె.

"వచ్చింది. నేనే పరీక్ష చేశాను."

"కుడికాలు పెరిగి రాలేదు బావగారూ. ఎడమకాలు తగ్గి వచ్చింది."

ఆయన గుడ్డు నోట్లో పెట్టుకున్నాడు. నమలడం పూర్తయ్యేదాకా ఆమెకేసి చూస్తూనే ఉన్నాడు. మింగి, నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

దబాయిస్తాడనుకుంది. నీకేం తెలుసంటాడనుకుంది. ఎన్ని రకాలుగా గదమాయించొచ్చో మెట్లెక్కుతూ అన్నీ ఊహించుకుని వచ్చింది. ఈ మాట మాత్రం ఊహించలేదు. ఆ గుడ్డు తిన్నది తనే అయినట్టు నాలుక మీద వెగటుగా పిండిలా అంటుకుంది.

"అయితే తెలిసే చేశారు."

"ఏం చేశాను? పుస్తకంలో ఉన్న పరీక్షే కదా. రెండు కాళ్లూ పోల్చమన్నారు, పోల్చాను. మంచి కాలు ఎంత బలంగా ఉండాలో ఎవడూ రాయలేదు."

"మంచి కాలిని కూడా అలసిపోనివ్వొద్దని ప్రతివాడికీ చెప్పించారు. మెట్లెక్కొద్దు, సైకిలు తొక్కొద్దు, బరువంతా అదే మోస్తోంది పాపం, దానికీ విశ్రాంతి కావాలి, అని. నేను అది దయ అనుకున్నాను."

"దయే."

"పక్కవాణ్ణి గోతిలో నిలబెట్టి, నేను పొడుగ్గా ఉన్నాననడం దయా?"

బావగారు నవ్వాడు. ఈ ఇంట్లో ఆమె మాటకారితనం ఆయనకు ఇష్టమే. పెళ్లిచూపుల్లో తమ్ముడికన్నా ముందు తలూపింది ఆయనే. ఆ నవ్వు ఇప్పుడు చూస్తుంటే, పళ్ల సందున పచ్చసొన కనిపిస్తోంది.

"విను. ఇంజెక్షను మంచిదే. ఇంకా పదును పెట్టాలి. కొందరిలో పనిచేస్తోంది, కొందరిలో చేయడంలేదు. పదును పెట్టాలంటే వెనకాల పెద్ద కంపెనీ ఉండాలి. కంపెనీ రావాలంటే నమ్మకం కుదరాలి. ముందు నమ్మకం, వెనక నిజం. లోకంలో అన్నీ ఈ వరసలోనే వస్తాయమ్మా."

"ఆ వరసలో ముందు నిలబడేది మీ తమ్ముడు."

"నా తమ్ముడు కాబట్టే. ఊళ్లోవాడి మీద నాకేం హక్కుంది?"

"మళ్లీ తెగితే?"

"మళ్లీ వేస్తాను." చెప్పు తెగితే మళ్లీ కుట్టిద్దాం అన్నంత తేలిగ్గా అన్నాడు. "నాకన్నా బాగా వేసేవాడు ఎవడున్నాడు? వాడి కాల్లో తాడు నా చేత్తో తీశాను, నా చేత్తో బిగించాను. మీ అందరికీ తెచ్చి చూపించాను కదా."

అదీ ఆయన ఆచారమే. ఆపరేషను మధ్యలో, తాడు తీసి శుభ్రం చేశాక, స్టీలు ట్రేలో తడిగుడ్డ మీద పెట్టి థియేటరు గాజు తలుపు దగ్గరికి తెస్తాడు. 'ఇదిగో మీవాడి తాడు, మీవాడికే వేస్తున్నా' అంటాడు. అవతల ఉన్న బంధువులు దణ్ణం పెట్టినంత పనిచేస్తారు. ఆ రోజు ఆమె కూడా తోడికోడలి భుజం మీదుగా తొంగి చూసింది.

"ఆదివారం ఆడనివ్వను," అంది.

"ఏమని ఆపుతావు?"

"ఉన్నదే చెబుతాను. అందరికీ."

"చెప్పు. మంచి కాలికి విశ్రాంతి ఇవ్వమని ఎవరు చెప్పారని అడుగుతారు. పేషెంట్లని పిలిచి అడుగుతారు. వాళ్లు నా పేరు చెబుతారా, నీ పేరు చెబుతారా?" ఇంకో గుడ్డు తీసి, ప్లాస్టిక్ మోకాలికేసి కొట్టాడు. "ఆ మాట నా నోట ఎవరూ వినలేదమ్మా. ఇంత కాలం వినిపించింది నీ గొంతే. నొప్పులమ్మ చెప్పింది, నొప్పులమ్మ మాట వేదం, అనేవాళ్లు. నీ మీద అంత నమ్మకం."

ఆమె లేచి నిలబడింది. కాళ్లకింద నేల జిగురుగా ఉన్నట్టనిపించింది. ఆ మాట ఎంతమందికి చెప్పిందో తల్చుకోబోయి, మొహాలు ఒక్కొక్కటే వస్తుంటే ఆపేసింది. డాన్సు టీచరు. నిచ్చెనమీంచి పడ్డ రంగులాయన. లాంగ్‌జంప్ పిల్ల. అందరికీ తొడమీద తట్టి మరీ చెప్పింది.

అప్పుడే కింద గంట మోగింది.

ఎవరో పాసయ్యారు. ఆసుపత్రంతా చప్పట్లు. బావగారు పసుపంటిన వేళ్లతో, కుర్చీలోంచి కదలకుండానే, తలుపుకేసి చూస్తూ కొట్టాడు. మెత్తటి, తడి చప్పుడు. దానికి ఇంకో చప్పుడు తోడవడం విని ఆమె కిందికి చూసుకుంది.

తన చేతులే. అలవాటు చొప్పున అవంతట అవే కొడుతున్నాయి.

*

కిందికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్లీ కడుక్కుంది. వాసన పోలేదు. గుడ్డు ముట్టుకున్నది ఆమె కాదని తెలుస్తూనే ఉంది, అయినా పోలేదు.

మరిదికి ఫోన్‌ చేసి హాలుకు రమ్మంది. వాడు గ్లవ్స్ మెడలో వేలాడేసుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు.

"పిలిచావా నొప్పులమ్మ తల్లీ? కొబ్బరికాయ తేవడం మర్చిపోయా."

"వేషాలు ఆపి ఆ స్టూలు మీద కూర్చో. ఇప్పుడు మంచి కాలి మీద లే. ఒక్క కాలి మీదే. చేతులు కట్టుకో."

"ఇదేం పరీక్ష? ఒంటికాలి మీద లేచి బల్బు మార్చేవాణ్ణి నేను. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే లేవమంటున్నా."

వాడు చేతులు కట్టుకుని, కుడికాలు గాల్లోకి చాపి, ఎడమకాలి మీద లేవబోయాడు. సగం లేచాడు. తొడ గజగజ వణికింది. మొహం ఎర్రబడింది. పళ్లు బిగించాడు. తర్వాత దబ్బున స్టూలు మీద కూలబడ్డాడు.

"జారింది," అన్నాడు.

"మళ్లీ లే."

మళ్లీ అంతే. ఈసారి జారిందనలేదు. తన కాలికేసి, ఎవరిదో పరాయి కాలిని చూసినట్టు చూశాడు.

"ఇది మంచి కాలు కదా వదినా?"

ఆమె ఎదురుగా కూర్చుని చెప్పింది. ఎవరి పేరూ ఎత్తకుండా చెబుదామనుకుంది. కుదరలేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం, నీ తొంభై అయిదు అలా వచ్చింది, అంది. వాడు గ్లవ్స్ వేళ్లు ఒక్కొక్కటే లాగుతూ విన్నాడు.

"పెద్దన్నయ్యకు తెలిసి ఉండదు," అన్నాడు చివరికి.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీకు తెలీదు వదినా. నాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునేవాడు. బూట్లు కొనడానికి..." గ్లవ్స్ వేళ్లు వదిలేశాడు. "తెలిసేనా?"

"గుడ్డు తింటూ చెప్పాడు."

బయట ఎవరో కర్రల సాయంతో టకటకమని నడిచి వెళ్లారు.

"అయితే ఆదివారం నేను ఆడకూడదా?"

"నువ్వు ఒకసారి ఎగిరి దిగితే చాలు, లోపలిది తెగుతుంది. గోడలో పచ్చి ఇటుక ఎక్కడుందో బంతికి తెలియదు, నీ బరువుకి తెలుసు."

"ఇప్పుడు ఆడకపోతే మళ్లీ నన్నెవడూ చూడడు. నా వయసు గోల్‌కీపర్లకు క్లబ్బుల్లో చోటే ఉండదు."

"ఇప్పుడు తెగితే ఏ వయసుకూ ఉండదు. ఎడమకాలికి ఇవాళ్టినుంచే పని మొదలుపెడదాం. మానడానికి ఎంత కాలం కావాలో అంత కాలం ఇద్దాం. ముందు తొడ వెనక భాగం ఎలా ఉందో చూడనీ. కుర్చీ యంత్రంలో దాన్ని ఎవరూ చూసుండరు. బల్లమీద బోర్లా పడుకో."

వాడు గ్లవ్స్ స్టూలు మీద వదిలేసి పడుకున్నాడు. గెలిచినట్టే ఉంది. అయినా ఆమెకు సంతోషం కలగలేదు, నీరసంగా మాత్రం ఉంది. వాడి కుడి మడమ మీద ఒక చెయ్యి వేసి, "మోకాలు మడువు, నేను ఆపుతుంటాను, నువ్వు లాగు," అంది. రెండో చేతివేళ్లు మోకాలి వెనక, లోపలి అంచున పెట్టింది.

అక్కడ సామాన్యంగా ఎవరికైనా, కాలు లాగగానే గట్టి తాడొకటి చర్మం కింద బిగుసుకుని లేస్తుంది. ఈ ఆపరేషనైనవాళ్లకు అది లేవదు. కొత్త లిగమెంటు కోసం తీసింది దాన్నే. ఆ చోట మెత్తగా, గుంటలా ఉంటుంది. ఎన్ని మోకాళ్లలో ఆ గుంట తడిమిందో ఆమె వేళ్లకు తెలుసు.

వాడు లాగాడు.

ఆమె వేళ్ల కింద తాడు లేచింది. నిండుగా, గట్టిగా, వీణతీగ బిగించినట్టు.

"వదులు," అంది. "మళ్లీ లాగు."

మళ్లీ లేచింది.

ఎడమకాలు చూసింది. అదే తాడు, అదే మందం. రెండింటికీ ఏ తేడా లేదు. బల్లికి తోక మొలిచినట్టు కొందరిలో ఇది మళ్లీ పెరుగుతుంది. ఆ సంగతీ ఆమెకు తెలుసు. కానీ అలా పెరిగింది సన్నగా ఉంటుంది, పాత చోటు వదిలి కొంచెం పైన అతుక్కుంటుంది, అందుకు చాలా కాలమూ పడుతుంది. ఇది మొలిచింది కాదు. పుట్టినప్పటినుంచీ ఉన్నది.

"ఏమైంది వదినా? నీ చెయ్యి చల్లగా అయిపోయింది."

"ఆపరేషనైన కొత్తలో, తొడ వెనకంతా నల్లగా కమిలిందా? కుంటుతూ అరిచేవాడివా, నరం లాగుతోందని?"

"లేదే. అందరూ అలా అరుస్తారని విన్నా. నాకు అక్కడ చీమ కుట్టినట్టు కూడా లేదు. పెద్దన్నయ్య చేతి మహిమ అనుకున్నా."

ఆమెకు స్టీలు ట్రే గుర్తొచ్చింది. తడిగుడ్డ మీద పడుకున్న తాడు. అప్పుడే తీసిన తాడు ముత్యంలా మెరుస్తుంది, చూసిన ప్రతిసారీ అలాగే మెరిసింది. ఆ రోజుది మాత్రం మెరవలేదు. పాత కొవ్వొత్తిలా మసకగా, పసుపుగా ఉంది. లైట్ల తేడా అనుకుంది.

తొడ వెనక నొప్పి లేకపోతే మనిషి తొందరగా లేస్తాడు, తొందరగా పరుగెత్తుతాడు, కెమెరా ముందు బాగుంటాడు. అందుకని వాడి తాడు ముట్టుకోలేదు. సరే. మరి వాడి మోకాల్లో ఇప్పుడు ఉన్నదేమిటి? చనిపోయినవాళ్లు దానం చేసిన తాళ్లు దాచిపెట్టే చోటు ఈ ఊళ్లో లేదు. పై ఊరినుంచి తెప్పిస్తే దాచవలసిన పనే లేదు, గొప్పగా చెప్పుకునేవాడు.

ఆమె వేళ్లు వాడి మోకాలి మీదినుంచి వెనక్కి వచ్చేశాయి. ముట్టుకోలేకపోయాయి. కన్నకొడుకులా చూసుకునే మరిది మోకాలు అది. సిగ్గేసింది, అయినా వేళ్లు మాట వినలేదు.

"వదినా." వాడు బోర్లా పడుకునే మెడ తిప్పి చూశాడు. నవ్వు మొహంలో ఎక్కడా లేదు. "ఆ రోజు ట్రేలో చూపించింది... నాది కాదా?"

ఆమె నోరు తెరిచింది. జవాబు రాకముందే వాసన వచ్చింది. సబ్బుకు పోని వాసన. ఈసారి తన చేతులది కాదు.

తలుపు మూసుకున్న చప్పుడు, గడియ పడ్డ చప్పుడు, ఆ వెనకే మెత్తటి గొంతు.

"చెప్పమ్మా. వాడిది కాదని చెప్పు. ఎవరిదో నేను చెబుతాను. ఎవరిదో తెలిస్తే, వాడు ఆదివారం ఆడకుండా ఉండలేడు."

(మిగతాది వచ్చేవారం)